గుడారంలో నిమ్ము

మన భాషలో గోడకి పట్టినా నిమ్మే, ఊపిరితిత్తులకి పట్టినా నిమ్మే. మొదటిది నా ఉద్యోగం. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు దాచే కోల్డ్ స్టోరేజీలో మెకానిక్‌ని. రెండోది కిందటేడు మా ఆవిడ ఎవాంజలిన్‌కి వచ్చింది. ఆమె పని కూడా అక్కడే, లారీకెక్కే పెట్టెల మీద లేబుళ్ళు సరిచూడటం. పది రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని పంపిస్తూ డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "ఒంటి మీద తడి పడకూడదు. మళ్ళీ నిమ్ము చేస్తే మా చేతుల్లో ఉండదు."

మైనస్ పద్దెనిమిది గదిలో పని మానమంటే ఆమె మానదు. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. అందుకే గుడారం తెచ్చాను.

ఓడల తుక్కు అమ్మే సింహాద్రి చూపించాడు దాన్ని. "సెరువు గడ్డకట్టీసినప్పుడు ఆ మంచు మీద దీన్లో కూకుని సేపలు పట్టుకుంటార్ట బావా, ఏ దేశపోల్లో మరి. ఓడలో దొరికింది. ఇప్పితే గది, మూత్తే సంచి." మందపాటి గుడ్డ గోడలు నాలుగు, జిప్పు తలుపు. ఆమె పనిచేసే చలిగది మూల నిలబెట్టి, లోపల కుర్చీ, చిన్న హీటరు పెట్టాను. లారీకీ లారీకీ మధ్య ఆమె అందులో కూర్చునేది.

వారం తిరక్కుండానే కారడం మొదలైంది.

అందులో వింతేం లేదు. మనిషి ఊపిరి వెచ్చన, గుడ్డ చల్లన. ఊపిరిలో చెమ్మంతా గుడ్డకి పట్టి, హీటరు వేడికి కరిగి నెత్తిన పడుతుంది. పైన కిటికీ, కింద అంచు కాస్త తెరిచి గాలి ఆడనిచ్చాను. కుట్లన్నిటికీ గమ్ము పూశాను. నేల మీద థర్మోకోల్ పరిచాను. రోజూ సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి బకెట్లో పిండేవాణ్ణి. ఒక్క మనిషి ఊపిరికి గ్లాసుడు రావాలి. అరబకెట్టు నీళ్ళు వచ్చేవి. అవైనా మామూలు నీళ్ళా? జిడ్డు. పిండితే తీగలా సాగేవి. మూడుసార్లు సబ్బేసి కడిగినా చేతికి పాచినోటి కంపు పోయేది కాదు. ఆ చేత్తో అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాను.

"టీలో సుక్క పడిందండి," అంది ఎవాంజలిన్ ఒకరోజు. "పైన తెట్టు కట్టీసింది. ఛీ, పారబోసీసేను. మెడ మీదా పడతన్నాయి."

మర్నాటి నుంచి ఆమెకి దగ్గు. నాకు ఒళ్ళు మండిపోయింది. భయమూ వేసింది.

శనివారం సాయంత్రం చెమ్మన్నది లేకుండా తుడిచి, హీటరు బయటికి తీసేసి, జిప్పు వేసి, గదికి తాళం పెట్టాను. ఆదివారం స్టోరుకి సెలవు, మాకు చర్చి. తాళంచెవి నా జేబు దాటలేదు. సోమవారం పొద్దున్న ఇద్దరం కలిసే వెళ్ళాం.

లైటు వేశాను. గదికి చాలినంత చలి పట్టి ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. మా ఇద్దరి నోళ్ళ నుంచీ ఆవిరి లేస్తోంది. ఇంకే అలికిడీ లేదు.

టప్... టప్...

గుడారంలోంచి.

అంత చలిలో, హీటరు లేని చోట, నీళ్ళంటూ ఉంటే గడ్డకట్టాలి. జిప్పు తీశాను. వెచ్చటి కంపు మొహాన కొట్టింది. కుళ్ళిన చేప పొట్ట... తోమని పళ్ళు. గోడల నిండా తడి నెమ్మదిగా కిందికి జారుతోంది. ఆమె కూర్చునే కుర్చీ గుంటలో మడుగు కట్టింది.

"జరగండి, నాను తుడుత్తాను," అంటూ ఎవాంజలిన్ వంగింది.

"నువ్వు రాకు."

అక్కడే నేను తప్పు చేశాను. మా పనివాళ్ళకి ఒక పాడలవాటు ఉంది. చలికి ఉప్పునీళ్ళు తిప్పే పైపు కారుతోందో, ఆవిరి దిగుతోందో తేలకపోతే చుక్క వేలికి తీసుకుని నాలిక్కి రాసుకుంటాం. ఉప్పగా ఉంటే పైపు, చప్పగా ఉంటే ఆవిరి. నాకు పని నేర్పిన తవిటయ్య మేస్త్రీ అలవాటు చేసింది. ఇరవై ఏళ్ళ అలవాటు, ఆలోచించకుండానే చేశాను.

ఉప్పన కాదు. చప్పన కాదు. గోరువెచ్చగా, జారుడుగా... ఇంకొకరి నాలిక నా నోట్లో పెట్టినట్టు.

జొల్లు.

ఉమ్మబోయాను. నోరు తెరుచుకోలేదు. గొంతు దానంతటదే మింగేసింది.

అప్పుడు గుడ్డ కదిలింది. నాలుగు గోడలూ మెల్లగా లోపలికి వంగాయి... ఆగాయి... బయటికి ఉబ్బాయి.

"ఫేన్లు తిరగట్లేదు కదండీ?" ఆమె గుసగుసగా అంది.

"లేదు."

"మరి లోపల ఎవులున్నారు?"

గోడలు మళ్ళీ లోపలికి వంగాయి. ఈసారి ఉబ్బలేదు. నా ఛాతీ నిండిపోయింది. నేను పీల్చలేదు.

చుక్కలు ఆగిపోయాయి.

ఆ రోజు నుంచి గుడారం పొడిగా ఉంది. ఎవాంజలిన్ దగ్గు పోయింది. "గమ్ము బాగా పట్టీసింది," అని సంబరపడింది. నేను మాత్రం రోజుకి ఆరుసార్లు పళ్ళు తోముకుంటున్నాను. అయినా నా నోటి కంపుకి నాకే డోకు వస్తోంది. పొద్దున్న లేస్తే తలగడ తడి, వేలితో ముడితే సాగుతోంది. ఆమె మీద పడుతుందేమోనని హాల్లో చాప వేసుకుని పడుకుంటున్నాను.

"నా నిమ్ము మీకంటీసింది," అని ఏడ్చి, నిన్న గోపాలపట్నంలో ఎక్స్‌రేకి తీసుకెళ్ళింది. ఛాతీ పలకకి ఆనించి నిలబెట్టారు. "ఊపిరి బిగబట్టండి," అన్నాడు టెక్నీషియన్. బిగబట్టాను. మూడుసార్లు తీశాడు, మూడూ మసకే. విసుక్కుంటూ బయటికొచ్చాడు.

"ఆపమంటే ఊపిరి తీత్తారేటి సార్? సాతీ కదిలిపోతంది."

నేను ఆపే ఉన్నాను. మూడోసారైతే ముక్కు వేళ్ళతో నొక్కుకుని, పళ్ళు బిగించి నిలబడ్డాను. నా మొహం ముందున్న పలక మీద ఆవిరి తెల్లగా పట్టింది... తగ్గింది... మళ్ళీ పట్టింది.