పంపు ఆగాక మూడు దెబ్బలు

మా నీటి సరఫరా సంస్థలో ఎవరికైనా రెండో నంబరు పంప్‌హౌస్‌లో నైట్ డ్యూటీ వేస్తే చాలు, సాయంత్రానికల్లా జ్వరం వచ్చేసేది. అంత క్రమశిక్షణ ఉన్న జ్వరాన్ని నేనెక్కడా చూడలేదు. డ్యూటీ చార్టులో పేరు మారగానే దిగిపోయేది.

నేను స్టోర్ కీపర్ని. బోల్టులూ బేరింగులూ ఇచ్చి సంతకం తీసుకోవడం నా పని. దెయ్యాలు మా స్టాకులో ఉండవు. కానీ ఈ సంగతి నాతో చెప్పిన మనిషి అబద్ధం ఆడేవాడు కాదు.

ఆయన మా ఇంజనీరు. పంపులకూ మోటార్లకూ సెన్సార్లు బిగించి, ఏది ఎంత అదురుతోందో, ఎంత వేడెక్కుతోందో రోజూ కంప్యూటర్లో గీతలు చూసి, ఏది చెడిపోబోతోందో ముందే చెబుతాడు. అందుకే మేమంతా ‘నాడి డాక్టరు’ అనేవాళ్లం.

రెండో పంప్‌హౌస్‌లో ఆపరేటరు ఆయన సొంత అన్నే. పదహారేళ్లుగా అక్కడే. వెనక గోడకు ఆనుకునే క్వార్టరు. రాత్రి రెండుంపావుకి ఊళ్లో ట్యాంకు నిండగానే పంపు ఆపి, దాని వీపు మీద అరచేత్తో మూడుసార్లు తట్టేవాడు. “ఇక పడుకోవే” అనేవాడు, గేదెతో మాట్లాడినట్టు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

ఆ పంపే ఒక రాత్రి ఆ అన్నను పొట్టన పెట్టుకుంది. బేరింగు అరిగిపోయి, మోటారునూ పంపునూ కలిపే కప్లింగు పగిలి, ఆ ముక్క వచ్చి గుండెల మీద తగిలింది. పంపు దగ్గర్నుంచి చుట్టూ తిరిగి ఇంటి గుమ్మానికి నలభై అడుగులు. అంత దూరం చేరేదాకా కూడా మనిషి మిగల్లేదు.

రెండు నెలలు పంప్‌హౌస్ మూసేశారు. కొత్త కప్లింగు నా దగ్గర్నుంచే వెళ్లింది. పంపు మళ్లీ తిప్పిన మొదటి రాత్రి — రెండుంపావుకి ఆపారు. హోరు తగ్గింది... చక్రం ఆగింది... గది నిశ్శబ్దమైపోయింది...

ధబ్.

ధబ్... ధబ్.

కొత్త ఆపరేటరు ముగ్గురు పిల్లల తండ్రి. పాపం, ఎలాగో తెల్లవార్లూ కూర్చున్నాడు. రెండో రాత్రి దెబ్బలతో పాటు తలుపు దగ్గర ఆకారం కూడా కనపడింది. తల మీంచి దుప్పటి... ముఖం లేదు... కదలడం లేదు. చెప్పులు వదిలేసి గేటు దాకా పరిగెత్తాడు. ఆ చెప్పులు తెచ్చుకోవడానికి మర్నాడు పట్టపగలు నన్ను తోడు రమ్మన్నాడు.

“ఈ రాత్రి నేను కూర్చుంటాను” అన్నాడు నాడి డాక్టరు. ఆయన ముఖంలో భయం లేదు. ఆశ ఉంది. అది చూస్తే నాకే భయం వేసింది.

ఇక్కడి నుంచి ఆయన చెప్పిందే చెబుతున్నాను.

ఆపరేటర్ని బయట గేటు దగ్గర కూర్చోబెట్టి, లోపల బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడట. ఒక్క ట్యూబ్‌లైటు. నూనె వాసన. రెండుంపావుకి తన చేత్తోనే పంపు ఆపాడు.

ధబ్. ధబ్... ధబ్.

“అన్నా...” అన్నాడు. మళ్లీ అన్నాడు. “అన్నా, ఊరికే తట్టి వెళ్లిపోకు. తిట్టు... లిమిట్ పెంచింది నేనే కదా.”

ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అదురు ఒక హద్దు దాటితే సైరన్ మోగుతుంది. ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నది ఆయన చేతిలో పని. చీటికీ మాటికీ మోగుతోందని అన్న ఫోన్ చేశాడు. “ఒరేయ్, నీ సైరన్‌తో నిద్ర పాడవుతోందిరా. కాస్త పైకి జరుపు.” అన్న మాట కాదనలేక జరిపాడు. బేరింగు మూడు వారాల పాటు ఆ కొత్త హద్దు కిందే అరుగుతూ వచ్చింది. గీత పైకి పాకడం చూశాడు. రిజిస్టర్లో ‘గమనిస్తున్నాం’ అని రాశాడు. సైరన్ మోగలేదు.

అదంతా ఏడుస్తూ పంపుకి చెప్పుకున్నాడు. చెప్పడం అయ్యాక... వెనక ఏదో కదిలింది.

తిరిగి చూశాడు. తలుపు దగ్గర... దుప్పటి కప్పుకున్న ఆకారం. ఒక అడుగు లోపలికి వేసింది... ఇంకో అడుగు... ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

“నేనే” అంది మెల్లగా.

వదిన! క్వార్టరు ఖాళీ చేయడానికి గడువు ఇంకా ఉంది. ఆ చప్పుడు వినడానికి రోజూ లేచి వస్తోంది.

ఎప్పటినుంచి నిలబడి ఉంది? ఎంత వింది? అడగడానికి ఈయనకు ధైర్యం చాల్లేదు. ఆవిడ వచ్చి బెంచీ ఆ చివర కూర్చుంది.

అలా పదకొండు రాత్రులు! పంపు ఆగేది, మూడు దెబ్బలు పడేవి, ఆవిడ లేచి వెళ్లిపోయేది. పగలు కంప్యూటర్లో ఆ దెబ్బలు మూడు ముళ్లలాగా కనపడేవి, రోజు రోజుకీ పొడుగవుతూ. ఈయన రిజిస్టరు తీసి ‘గమనిస్తున్నాం’ అని రాసేవాడు.

పన్నెండో రాత్రి దెబ్బకు పైపు దిమ్మ మీద ఎగిరిపడింది. గోడ పెచ్చు ఊడింది. కాస్త ధైర్యం వచ్చి లోపల కూర్చోవడం మొదలెట్టిన కొత్త ఆపరేటరు బల్ల కింద దూరాడు.

“ఇంకా ఎన్నాళ్లు వింటావు?” అంది వదిన.

ఈయన వంగి ఊడిన పెచ్చు ఏరాడు.

“మీ అన్న చెయ్యి అలా పడదు. పదహారేళ్లు ఈ గోడ అవతల పడుకున్నదాన్ని. ఇది ఇనుము చప్పుడు. ఏమిటది?”

ఆయనకు మొదటి రాత్రే తెలుసు. పంపు ఆగగానే ఎక్కిన నీళ్లు వెనక్కి రాకుండా పైపులో ఒక రేకు తలుపు మూసుకోవాలి. నాన్ రిటర్న్ వాల్వ్ అంటాం. దాని ఇరుసు అరిగి, ఆలస్యంగా ధబ్బున పడుతోంది. ఆ ఊపుకి పైపులో నీళ్లు ముందుకీ వెనక్కీ తన్ని దాన్ని మళ్లీ మళ్లీ కొడుతున్నాయి. ఆయన చదువులో అది ఓనమాల పాఠం.

“వాల్వు... వదినా. మారిస్తే ఇక వినపడదు.”

“మార్చకపోతే?”

“పైపు పగులుతుంది.”

ఆవిడ బల్ల కిందికి చూసింది. “అతనికీ ఇల్లుంది” అంది.

తెల్లారి నేను స్టోరు తాళం తీసేసరికి నాడి డాక్టరు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాల్వు ఇచ్చాను. దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లాడు. సాయంత్రానికి బిగించేశారు.

ఆ రాత్రి కూడా వదిన వచ్చింది. పంపు ఆపారు. హోరు తగ్గింది... చక్రం ఆగింది...

ఏమీ లేదు.

ఒక నిమిషం... రెండు నిమిషాలు... ఏమీ లేదు. కొత్త ఆపరేటరు హమ్మయ్య అని టీ పెట్టడానికి బయటికి వెళ్లాడు. అన్న పోయింది అప్పుడేనని అనిపించిందట ఈయనకు. బెంచీ మీదనుంచి జారి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“వదినా, ఆ రోజు నేనన్నదంతా విన్నావు కదా... నన్ను ఒక్క మాటైనా అనవేం?”

“అనడానికే వస్తున్నాను రోజూ” అంది ఆవిడ. “చప్పుడు అయ్యేది... నోరు పెగిలేది కాదు. వెళ్లిపోయేదాన్ని.”

“అను వదినా.”

ఆవిడ దుప్పటి చెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసింది.

“మీ అన్న పక్కన బాంబు పడ్డా లేచేవాడు కాదు. సైరన్‌కి ఉలిక్కిపడేది నేను... నిద్ర చాలక తలనొప్పితో చస్తున్నాను, తమ్ముడికి చెప్పి తగ్గించమనండి అని పోరింది నేను. నా పేరు చెప్పకండి, నవ్వుతాడు... అన్నాను.”