రసీదు మీద సంతకం

శనివారం ఉదయం విశాలాక్షి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే, అల్లుడు భరద్వాజ్ ఆమె పేరుతో వచ్చిన కవరు చింపాడు.

ఆమె తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద కెనడాలోని కిచెనర్‌లో కూతురింటికి వచ్చి రెండేళ్లయింది. పగలంతా ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. పక్కింటివాళ్ల పార్సిల్ వచ్చినా, బేస్‌మెంట్‌లో అద్దెకున్నతని పార్సిల్ వచ్చినా సంతకం పెట్టి తీసుకునేది ఆమే. పదిమందికి పనికొస్తున్నానని మురిసిపోయేది, పాపం.

కవరులో ఒక ఉత్తరం, దానితో ఒక పార్సిల్ రసీదు నకలు ఉన్నాయి. రసీదు మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఆమె పేరు.

"అత్తయ్యా, ఇది మీ సంతకమేనా?"

"నాదే బాబూ. ఏమైంది?"

కూతురు తేజశ్రీ ఉత్తరం చదివి చెప్పింది. ఇంట్లో బిగించుకునే తుపాకీల భాగాలు అమ్మే ఒక కంపెనీ మీద సిటీ కార్పొరేషన్ దావా వేసింది. ఆ తుపాకీలకు నంబరుండదు. ఎవరివో పోలీసులు కూడా కనిపెట్టలేరు. లైసెన్సు చూసి, కొన్నవాడి చేతికే ఇస్తున్నామని కంపెనీ వాదిస్తోంది. అది అబద్ధమని చూపడానికి సిటీ లాయరుకి ఈ రసీదు దొరికింది, విశాలాక్షి సాక్ష్యం చెప్పాలని అడుగుతున్నాడు. ఆమె సంతకం పెట్టి తీసుకున్న ఆ పెట్టె బేస్‌మెంట్‌లో ఉండి వెళ్లిపోయినతనిది. అందులోని భాగాలతో బిగించిన తుపాకీతో అతను బస్‌స్టాప్‌లో ఒక అమ్మాయిని కాల్చి, పట్టుబడ్డాడు.

"ఆ పిల్ల బతికిందా?"

"బతికిందమ్మా. ఇక నడవలేదట."

విశాలాక్షి చేతిలో కత్తి కింద పెట్టేసింది.

"గుర్తులేదని రాసేద్దాం," అన్నాడు భరద్వాజ్. "నా సిటిజన్‌షిప్ ప్రాసెస్‌లో ఉంది. మీ వీసా రెన్యూ చేయాలి. ఇప్పుడు కోర్టులెందుకు మనకి?"

"సాక్ష్యం చెప్తే వీసా ఎందుకు పోతుంది?" అంది తేజశ్రీ.

"పోదని నువ్వు గ్యారంటీ ఇస్తావా?"

తేజశ్రీ ఉత్తరం మళ్లీ మొదటినుంచీ చదివింది.

"గుర్తులేదని ఎలా చెప్పను బాబూ? బరువుగా ఉందని మీరే కదా ఆ పెట్టె కిందికి దించి పెట్టారు," అంది విశాలాక్షి మామూలుగా.

భరద్వాజ్ ముఖం పాలిపోయింది. అది చూశాకగానీ ఆమెకు అతని భయం అర్థం కాలేదు. అల్లుణ్ణి ఇరికించానని ఆమె మనసు విలవిల్లాడింది.

"మీ పేరు ఎత్తనులెండి. నేనే దించానని చెప్తాను. నన్నేం చేస్తారు, ఇండియాకి పంపించేస్తారు, అంతేగా."

అతను ఇక ఆపుకోలేకపోయాడు. కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"న్యూస్‌లో అతని ఫోటో చూసిన రోజే నాకు ఆ పెట్టె గుర్తొచ్చింది అత్తయ్యా. ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆ బస్‌స్టాప్ మీదుగానే డ్రైవ్ చేస్తున్నా."

ఎవరినీ తిట్టడానికి లేదు. తేజశ్రీ అతని భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి అతను ముఖం తుడుచుకుని, ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఆన్సరింగ్ మెషీన్‌లో సాక్షులుగా రెండు పేర్లు చెప్పాడు. అత్తగారిదీ, తనదీ.

"మనం చెప్తే ఆ పిల్లకి కాళ్లొస్తాయా?" అడిగింది విశాలాక్షి.

"రావమ్మా," అంది తేజశ్రీ. తల్లి పక్కన నేల మీదే కూర్చుని ఏడ్చింది.