యలమంద తాత విస్తరి

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కోటేష్ వరండాలో ఫ్లెక్సీ పరిచాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన అతని తాత యలమందకు ఆదివారం ఊళ్లో విగ్రహం పెడుతున్నారు. ఫ్లెక్సీలో తాత మెడలో ఎండుమిరపకాయల దండ, మూతి మీద మెలితిప్పిన మీసం ఉన్నాయి. బతికుండగా ఆయనకు అంత మీసం లేదు.

"ఊరందరికీ గోంగూర మాంసం, కోడి వేపుడు. ఘాటు అదిరిపోవాలి. తాతయ్య ఫొటో ముందు పెట్టే మొదటి విస్తరి కూడా అదే," అన్నాడు.

తల్లి సుబ్బరావమ్మ చాటలో బియ్యం చెరగడం ఆపింది. "ఊరికి నీ ఇష్టం వచ్చింది పెట్టుకో. మామగారి విస్తట్లో మాత్రం పాలు పోసిన సొరకాయ కూర, పెరుగన్నం పెట్టాలి."

చనిపోయిన పెద్దలకు వాళ్లు తిన్నదే పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఏటా ఆయన తద్దినానికి ఆమె ఆ కూరే వండేది. తద్దినం కాబట్టి చప్పగా ఉందని కోటేష్ ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"మిర్చి పండించే ఊళ్లో చప్పిడి కూరేంటమ్మా? కారం తినేవాళ్లం కాబట్టే తెల్లోడి మీద తిరగబడ్డామని మైకులో చెప్పబోతున్నా."

"కారానికే పౌరుషం వస్తే పేటలో బజ్జీల బండివాడు ఎప్పుడో స్వాతంత్ర్యం తెచ్చేవాడు."

కోటేష్ భార్య అఖిల కిసుక్కున నవ్వింది. దాంతో అతనికి రోషం పొడుచుకొచ్చింది.

"నువ్వు ఆయన కోడలివమ్మా. నాది ఆయన రక్తం."

ఆ మాట సుబ్బరావమ్మకు కలుక్కుమంది. చాట కింద పెట్టింది.

"రక్తం నీదే. అన్నం పెట్టింది నేను. జైల్లో దెబ్బలకీ ఆ కూటికీ ఆయన కడుపు పాడైపోయిందిరా. మెతుక్కి కారం తగిలితే మెలికలు తిరిగేవాడు. కళ్లంలో కాయలు ఆరబోసి, ఆ ఘాటుకి దగ్గుకుంటా వచ్చి సొరకాయ కూర కలుపుకునేవాడు. జైలు పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. నువ్వు పెట్టే విస్తరి ఆయన తినలేడురా. తెలిసి నేనెట్టా చూస్తా ఊరుకోను?"

కోటేష్ పరిచిన ఫ్లెక్సీ చుట్టేశాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"ఎప్పుడడిగావు? ఆ కూర పక్కకి నెట్టి పెరుగు పోయించుకునేవాడివి."

ఆదివారం తాత ఫొటో ముందు సొరకాయ కూరతోనే విస్తరి వేశారు. కోటేష్ మైకు అందుకున్నాడు.

"మా తాతయ్య కారం తినేవాడు కాదండి. జైల్లో ఆయన కడుపు పాడైపోయింది. ఆయన తిన్నది ఇదే." అంతే చెప్పి మైకు ఇచ్చేశాడు. వేదిక దిగివచ్చి ఆ విస్తరి ముందే కూర్చుని కూర కలుపుకున్నాడు. ఈసారి ఏదీ పక్కకు నెట్టలేదు.

మాంసం వడ్డిస్తున్న అఖిలను పేరయ్య పిలిచాడు. ఊళ్లోకెల్లా పెద్ద మిర్చి రైతు ఆయన.

"అమ్మాయ్, ఆ సొరకాయ కూర ఇంకా ఉందా? కారం మానెయ్యమని డాక్టరు చెప్పి ఏడాదైంది. నలుగురిలో చెప్పుకోడానికి నామోషీ."

ఆయన అడగడమే ఆలస్యం. పక్క వరసలోంచి ఒకరు, ఎదురుగా ఇద్దరు విస్తళ్లు ముందుకు జరిపారు. మీసాలున్నవాళ్లు కూడా. కోటేష్ చెయ్యి కడుక్కుని వచ్చి తానే గిన్నె అందుకున్నాడు.

చివరికి గిన్నె ఖాళీ అయింది.

"నీకే మిగల్లేదమ్మా," అన్నాడు నొచ్చుకుంటూ.

"మామగారు తిన్నారుగా, చాల్లేరా," అంటూ సుబ్బరావమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.