నాయిన ఇచ్చిన చాయ్ పైసలు

పోశవ్వ వాకిలి చల్లి ముగ్గు పెట్టి, లోపలికొచ్చి బియ్యం కడుగుతోంది. ఆమె భర్త బుచ్చిరాములు మాత్రం గేటు ముందున్న కొడుకు కారు వైపే గుర్రుగా చూస్తున్నాడు. తెల్ల కారు, అద్దం మీద అద్దె కార్ల యాప్ స్టిక్కరు. ఆ స్టిక్కరు ఇవాళ ఆయనకు కంట్లో నలుసైంది.

“ఆ కారు జర సందు అవుతల పెట్టుకో. పొద్దుగూకేదాక ఇటు రాకు,” అన్నాడు కొడుకుతో.

జీవన్ తల తుడుచుకుంటూ నవ్వాడు. “చెల్లె పెండ్లి మాటలకు అన్న ఉండొద్దా నాయినా?”

“నువ్వు హైదరాబాద్‌ల కంపెనీల చేస్తానవని ఉప్పలయ్యతోని చెప్పిచ్చిన. లీవు దొరకలేదని గూడ చెప్పిన. ఇప్పుడు నువ్వు కనవడితే నా ఇజ్జత్ ఏం గావాలె?”

అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. జీవన్ మొన్నమొన్నటి దాకా అక్కడే చేశాడు. కంపెనీ మనుషులను తీసేసినప్పుడు ఇతని పేరూ అందులో ఉంది. కొన్నాళ్లు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని, తర్వాత అప్పు చేసి కారు కొని, హనుమకొండ, కాజీపేట తిప్పుకుంటున్నాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసి నేసి నడుము విరగ్గొట్టుకుని కొడుకును ఇంజనీరింగు చదివించిన బుచ్చిరాములుకు ఇది మింగుడు పడలేదు. పెళ్లిళ్ల పేరయ్య ఉప్పలయ్య నోట ఆ పాత ఉద్యోగాన్ని ఇంకా బతికిస్తూనే ఉన్నాడు.

ఇవాళ మంచిర్యాల నుంచి రైల్లో వచ్చేది చంద్రమౌళి, ఆయన భార్య సుకన్య. వాళ్ల అబ్బాయీ, జీవన్ చెల్లెలు మహితా ఇదివరకే భద్రకాళి గుడి దగ్గర ఒకరినొకరు చూసుకున్నారు. నచ్చుకున్నారు. ఫోన్లు కూడా నడుస్తున్నాయి, మహిత ఊరికూరికే నవ్వుకుంటోంది. పెద్దలు కూర్చుని ఖాయం చేసుకోవడమే మిగిలింది.

తీరా బయల్దేరే వేళకు వాళ్లకోసం స్టేషన్‌కు పంపాల్సిన కారు రానన్నది. ఇంకోటి చూస్తే అదీ దొరకలేదు. బుచ్చిరాములు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే జీవనే తాళాలు తీసుకున్నాడు.

“నేనే పోత. డ్రైవర్ననుకుంటరు, అనుకోనియ్యి. ఉన్నదే గద.”

బుచ్చిరాములు హమ్మయ్య అనుకున్నాడు. ఆ క్షణంలో కొడుకు ముఖం చూడలేదు మహానుభావుడు. చూసి ఉంటే కథ ఇక్కడితోనే ఆగేది.

వచ్చిన వాళ్లు మంచివాళ్లు. ఇల్లు బాగుందన్నారు, అమ్మాయి బంగారమన్నారు. బగారా అన్నం, కోడికూర వడ్డిస్తుంటే సుకన్య చెయ్యి ఆపింది.

“వదినా, బయట డ్రైవర్ తిన్నడా? పొద్దటి సంది మాకోసమే తిరుగుతాండు.”

పోశవ్వ చేతిలో గరిట ఆగిపోయింది. బుచ్చిరాములు కంటితో సైగ చేశాడు. “పెడ్తది, పెడ్తది. మీరు తినుండ్రి.”

పోశవ్వ కాగితం పళ్లెంలో అన్నం పెట్టుకుని బయటికి వెళ్లింది. జీవన్ కారు నీడలో అరుగు మీద కూర్చున్నాడు.

“లోపలికి రా బిడ్డా. పాడుగాను ఈ సంబంధం.”

“ఉష్, నువ్వు పోమ్మా. చెల్లె కోసమే గద. నాకేం ఫికర్ లేదు,” అని పళ్లెం అందుకున్నాడు.

కన్నకొడుక్కి గుమ్మం బయట అన్నం పెట్టి పోశవ్వ లోపలికొచ్చి, చుట్టాలకు నవ్వుతూ పెరుగు వడ్డించింది. ఆడవాళ్లకు ఈ విద్య ఎవరు నేర్పుతారో తెలియదు.

మాటలన్నీ అనుకున్నట్టే జరిగాయి. వెళ్లేముందు గేటు దగ్గర చంద్రమౌళి పర్సు తీశాడు.

“తమ్మీ, మస్తు మంచిగ నడిపినవ్. ఇగో, చాయ్ తాగు.”

“అయ్యో, మీరెందుకు బావగారూ!” బుచ్చిరాములు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “మా ఇంటికొచ్చిండ్రు. డ్రైవర్‌ను అర్సుకునుడు మా మర్యాద.”

“ఎక్కింది మేము. మేమే ఇయ్యాలె.”

“నా మీద ఒట్టే! మీరు పర్సు లోపల పెట్టుండ్రి.”

హోటల్లో బిల్లు కోసం కొట్లాడుకున్నట్టు ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి చెయ్యి ఒకరు తోసుకున్నారు. చివరికి బుచ్చిరాములే గెలిచాడు. వంద నోటు మడిచి, కారు కిటికీలోంచి కొడుకు చొక్కా జేబులో పెట్టి, పైన ఒక తట్టు తట్టాడు.

“ఉంచుకో. జర మంచిగ దింపు.”

జీవన్ తండ్రి ముఖంలోకి చూశాడు. “థాంక్యూ సార్,” అన్నాడు.

కారు సందు మలుపు తిరిగేదాకా తలుపు దగ్గర మహిత కొయ్యబారి నిలబడింది.

“సార్ అన్నడయ్యా నిన్ను!” లోపలికి రాగానే పోశవ్వ విరుచుకుపడింది.

“మరేం జేయాలె? వాళ్లతోని ఇప్పియ్యాల్నా?”

“ఇప్పిచ్చినా బాగుండు. బయటోళ్లు ఇస్తే పనికి ఇచ్చినట్టు. నువ్విస్తే ఏమైతదో ఎరుకనా నీకు?”

ఆ గొడవ తెగకుండానే గంట దాటింది. ఫోన్ మోగింది. రైల్లోంచి చంద్రమౌళి. “బావగారూ, మాకు ఖాయమే. మంచిరోజు చూడుండ్రి. ఇంకో మాట, ఆ డ్రైవర్ పిలగాడు స్టేషన్ కాడ మేమిస్తే ముట్టలే. ‘మా సార్ ఇచ్చిండు, గది నాకు జన్మకు సరిపోతది’ అన్నడు. నిశ్చితార్థానికి గూడ ఆయన్నే పంపుండ్రి.”

సంబంధం కుదిరింది. ఇంట్లో ఒక్కరూ నవ్వలేదు.

కారు వచ్చి ఆగింది. జీవన్ లోపలికి రాకుండా మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

“లోపలికి రా అన్నా,” అంది మహిత.

“డ్రైవర్లు లోపలికి రారు.” జేబులోంచి ఆ నోటు తీసి మెట్టు మీద పెట్టాడు. “డ్రైవర్ననే మాట నేనే అన్న. అరుగు మీద తినుడు గూడ నా ఇష్టంతోనే తిన్న. కస్టమర్లు చాయ్ పైసలిస్తే సంబురంగ తీసుకుంట, నా పని వాళ్లకు నచ్చినట్టు. గాని నువ్వు ఇచ్చేటప్పుడు నీ చెయ్యి జర గూడ ఆగలే. నాటకం ఆడుతానవనుకున్న. నాటకం గాదు. నేను నీకు నిజంగనే గంతే.”

“బిడ్డ పెండ్లి కోసం రా...” అన్నాడు బుచ్చిరాములు.

“నా పేరు చెప్పకు నాయినా!” మహిత కళ్లనీళ్లు తుడుచుకోలేదు. “నేను గూడ తలుపు కాడ నిలబడి నోరు మూసుకున్న. అందరం గలిసే చేసినం. గిట్లయితే నాకీ పెండ్లొద్దు. ఫోన్ జెయ్యి. ఇప్పుడే చెప్పు వాళ్లకు.”

“వద్దు చెల్లే, మంచి పిలగాడు...”

“నువ్వూకో అన్నా!”

బుచ్చిరాములు ఫోన్ చేశాడు. చెప్పాడు. ముక్కలు ముక్కలుగానైనా అంతా చెప్పాడు.



“ఆయన మీ కొడుకా?” చంద్రమౌళి గొంతు మారిపోయింది. “కారు నడిపితే ఏమాయె? మా నాయిన లారీ నడిపి మమ్ముల సాదిండు. మొదాలే చెప్తే పక్కన కూసోబెట్టుకొని తిందుము గద. కొడుకు జేబుల చాయ్ పైసలు పెట్టిండ్రు మీరు. రేపు మా పిలగాని నౌకరి పోతే వానికేం ఇస్తరు?” ఫోన్ పెట్టేసే ముందు అన్నాడు: “మల్ల మాట్లాడుతం.”

మల్ల మాట్లాడుతం అంటే ఏమిటో ఆడపిల్ల ఉన్న ఏ ఇంటికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మహిత తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నిజం చెప్పమన్నది తనే. అయినా ఆ ఏడుపు బయటికి వినిపిస్తూనే ఉంది.

జీవన్ ఆ తలుపు తట్టాడు. “చెల్లే...” ఇంతలో అతని ఫోన్లో బుకింగ్ మోగింది. తాళాల వైపు చెయ్యి చాపాడు.

“అన్నం తిని పో బిడ్డా,” అన్నాడు బుచ్చిరాములు.

“తిన్న.”

“అది తిన్నట్టు గాదు.”

పోశవ్వ లేవబోతే ఆయన వద్దన్నాడు. జీవన్ పేరు చెక్కించిన స్టీలు పళ్లెం తనే తీశాడు. చాప పరిచి, తనే వడ్డించి, చెంబుతో నీళ్లు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇంత వయసొచ్చినా ఆయన ఎవరికీ అన్నం వడ్డించి ఎరగడు. మెతుకులు చాప మీద పడ్డాయి.

జీవన్ బుకింగ్ వదిలేసి కూర్చున్నాడు. తలెత్తకుండా తిన్నాడు. కూర వెయ్యనా అంటే “చాలు” అన్నాడు. మజ్జిగ పొయ్యనా అంటే “వద్దు” అన్నాడు. పొద్దున నాలుగు మాటలకోసారి పిలిచే పిలుపు ఇప్పుడొక్కసారి కూడా రాలేదు. దాని కోసమే బుచ్చిరాములు చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. అడిగి పిలిపించుకునే ముఖం మాత్రం ఆయనకు లేదు.

చెయ్యి కడుక్కుని జీవన్ బయటికి నడిచాడు. మెట్టు మీద నోటును ఎవరూ తీయలేదు. దాన్ని దాటుకుని వెళ్లి కారెక్కాడు. బండి స్టార్ట్ చేసి, తండ్రి వైపు చూడకుండానే అన్నాడు.

“గేటు పెట్టుకో నాయినా.”

బుచ్చిరాములు గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లోపల మహిత ఇంకా తలుపు తీయలేదు.