పీర్ల దినాల్లో బూట్లు

హులిగెమ్మ ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి. ఎత్తుమడమల చెప్పులతో పడిపోకుండా నడవాలి. 'డాక్టర్ మోనికా' అని ఎవరు పిలిచినా తడుముకోకుండా పలకాలి. చెవికమ్మలోని మైకు ఆన్ చేయాలి. రబ్బానీ నోట జయరాజ్ ఆచూకీ రానివ్వకూడదు. చివరిది తప్పితే ఒక మనిషి చస్తాడు.

జయరాజ్ మన గూఢచారి. శత్రుదేశపు రేవులో మారుపేరుతో బతుకుతున్నాడు. ఆ రేవూ, ఆ పేరూ కాగితం మీద ఎక్కడా లేవు. తెలిసింది ఇద్దరికే: చీఫ్ మారెన్నకు, కొరియర్ రబ్బానీకి. మారెన్న పోయాడు. ఎర్రగుంట్ల దగ్గర లారీ గుద్దినప్పటి నుంచి రబ్బానీకి పాతవన్నీ భద్రమే గానీ, కొత్తది ఏదైనా అర నిమిషమే. చీఫ్ చనిపోయాడని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ, "మారెన్నప్ప ఎట్లుండాడు?" అనే అడుగుతాడు.

జయరాజ్ కోసం వెతుకుతున్న శత్రువుల ముఠాకు ఇంకేం కావాలి? వేంపల్లెలో మెమరీ రీసెర్చ్ సెంటర్ అని బోర్డు కట్టి, ఉచిత వైద్యమని రబ్బానీని చేర్చుకున్నారు. దాని నాయకుడు ఉమామహేశ్. విదేశంలో సైకాలజీ చదివి, దేశాన్ని అమ్మడానికి తిరిగొచ్చిన ఘనుడు. మన నిఘావాళ్లు పంపిన హులిగెమ్మ తన మనిషేనని నమ్మేంత తెలివి అతనిది.

"షార్ట్ టర్మ్ మెమరీ పలక లాంటిది మోనికా. లాంగ్ టర్మ్ శిలాశాసనం. వీడి పలక పగిలింది, శాసనం మిగిలింది. రహస్యం చెప్తాడు, చెప్పానన్న సంగతే మరిచిపోతాడు!" అని ఉమామహేశ్, మారెన్న మీసం లాంటిది అతికించుకుంటూ నవ్వాడు.

హులిగెమ్మ కూడా నవ్వింది. జీతం తీసుకుంటున్నందుకు ఇలాంటివి భరించాలి. జయరాజ్ గురించి అతను అడిగింది మైకులో వినబడగానే, బయట కాచుకున్న దళం లోపలికి వస్తుంది. అంతవరకూ రబ్బానీ నోరు ఆపాల్సింది తనే.

అచ్చం మారెన్నలా తలపాగాతో ఉమామహేశ్ గదిలోకి వెళ్లాడు. వీధిలో మొహర్రం పీర్ల తప్పెట మోగుతోంది.

రబ్బానీ కళ్లు అతని కాళ్ల మీదే నిలిచాయి.

"బూట్లేందప్పా? పీర్లు నిలబెట్నాక మారెన్నప్ప చెప్పులే తొడగడే! ఎవురు నువ్వు? పో ఈణ్నుంచి!"

ఉమామహేశ్ బయటికి వచ్చాడు. "హిందువుకు పీర్లతో ఏం పని? ఈ కరువు సీమలో మతాలు కూడా కలగాపులగమే. పోనీలే, అర నిమిషంలో మరిచిపోతాడు" అంటూ లేసులు విప్పడం మొదలుపెట్టాడు. పుట్టిన సీమలో పీర్ల ముందు ఎవరు మొక్కుతారో ఎన్నడూ చూడని మేధావి!

హులిగెమ్మ చెవికమ్మ నొక్కి మైకు ఆన్ చేసి లోపలికి పరుగెత్తింది. చెప్పి లాభం లేదు, జారిపోతుంది. కానీ ఫోన్ నంబరును నోట్లో తిప్పుతున్నంతసేపూ అది పోదు కదా.

"మామా, తప్పెటకు సరిగ్గా మనసులో అనుకుంటా ఉండు: నోరు కట్టు, నోరు కట్టు. నిలపొద్దు."

"నోరు కట్టు, నోరు కట్టు..." రబ్బానీ పెదవులు తప్పెటతో పాటు కదలసాగాయి.

ఉమామహేశ్ వట్టికాళ్లతో వచ్చాడు. "రబ్బానీ, జయరాజ్ యాడుండాడు?"

రబ్బానీ పెదవులు తప్పెటతో పాటే కదులుతున్నాయి.

"ప్రార్థన కాబోలు. పల్లెటూరి మూఢులు. కానివ్వు" అని హులిగెమ్మ చెవిలో అన్నాడు.

వీధిలో తప్పెట ఆగింది. పెదవులూ ఆగాయి. రబ్బానీ తలెత్తి, మొహం వికసించి, "మారెన్నప్పా! ఎప్పుడొస్తివి?" అన్నాడు.

"ఇప్పుడే. జయరాజ్ యాడుండాడు?"

"వాడా? శానా దూరమప్పా. ఆ రేవులో..."

హులిగెమ్మ మందుల ట్రేను నేలకేసి కొట్టింది. గది దద్దరిల్లింది. రబ్బానీ ఉలిక్కిపడి అటు తిరిగాడు.

"యాందమ్మా ఆ సద్దు?" మళ్లీ ఇటు చూశాడు. "ఏమప్పా, ఏమో అడుగుతాంటివి?"

ఉమామహేశ్ మూడోసారి నోరు తెరిచాడు. తలుపు విరిగిపడి, దళం లోపలికి దూకింది.

మధ్యాహ్నపు తారురోడ్డు మీద మన మేధావి వట్టికాళ్లతో కోడిలా గంతులేస్తూ జీపు దాకా వెళ్లాడు. స్మృతిశాస్త్రంలో డాక్టరేట్, బూట్లు ఎక్కడ విప్పాడో గుర్తులేదు.

హులిగెమ్మ రబ్బానీ ముందు నిలబడి సెల్యూట్ చేసింది.

"ఎవురమ్మా నువ్వు?" అన్నాడాయన. "మా మారెన్నప్ప ఎట్లుండాడు?"

"బాగుండాడు మామా."

జయరాజ్ ఇంకా బతికే ఉన్నాడు. తననెవరు కాపాడారో అతనికి తెలియదు, కాపాడినాయనకూ తెలియదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: ఆయన పేరు రబ్బానీ. మీరైనా గుర్తుపెట్టుకోండి.