ఛాతీ మీది గుండీ

ఆ ఊళ్ళో చొక్కా తొడుక్కునే ప్రతి మగవాడి మెడ కొలతా టైలరక్కకి నోటికి వచ్చు. బజారు వీధి మలుపులో ఒక్క గది ఆమె కొట్టు. కిటికీ పక్కన తొక్కుడు మిషను, గోడకి వేలాడే సగం కుట్టిన బట్టలు, మూల ఇస్త్రీపెట్టె, బల్ల మీద రేకు డబ్బా నిండా తెల్ల గుండీలు. ఊరందరి చొక్కాలకీ ఆ డబ్బాలోవే. పెళ్ళికొడుకు చొక్కా అయినా, పొలం పని చొక్కా అయినా గుండీ మాత్రం ఒకటే.

ఆమెకి రెండు అలవాట్లుండేవి. టీ కావాలంటే కేకెయ్యదు. కత్తెర పిడితో బల్ల అంచు మీద టకటకమని కొడుతుంది, ఎదురుగా ఉన్న టీకొట్టాయన గ్లాసు పట్టుకొస్తాడు. ఇక రెండోది, గుండీ ఊడిందని ఎవరొచ్చినా చొక్కా విప్పించదు. "నిలబడు, కదిలావంటే పొడుస్తా" అని ఒంటి మీదే కుట్టేసి, ఛాతీ మీదకి వంగి దారాన్ని పళ్ళతో కొరికేస్తుంది. కత్తెర చేతిలో ఉన్నా సరే, కొరకడమే. పిల్లలు చక్కిలిగింతలని మెలికలు తిరిగేవాళ్ళు. పెద్దవాళ్ళు సిగ్గుపడి పైకప్పు వైపు చూసేవాళ్ళు.

అలాంటి మనిషిని ఒక సాయంత్రం ఎవడో గొంతు పిసికి చంపేశాడు.

మొదట చూసింది ఆమె చెల్లెలు. పాలకేంద్రంలో పాలు పోయించుకునే పని ఆ పిల్లది. తెల్లవారుతుండగా పనికి పోతూ అక్క కొట్టు తలుపు ఓరగా తెరిచి ఉండడం చూసి లోపలికి వెళ్ళింది. అక్క మిషను పక్కన నేల మీద పడి ఉంది. మిషనుకి ఆకుపచ్చ దారం ఎక్కించే ఉంది. కత్తెర బల్ల కింద పడి ఉంది, బల్ల అంచు నిండా కొత్త సొట్టలు. అక్క ఎడమ పిడికిలి బిగుసుకుపోయి ఉంది. చెల్లెలు ఒక్కొక్క వేలే విప్పింది. లోపల ఒక తెల్ల గుండీ. దాని అంచు ఒకపక్క పెచ్చు లేచిపోయింది.

"కత్తెర చప్పుడు వినపడలేదా బాబాయ్?" అని టీకొట్టాయన్ని అడిగింది.

"వినపడిందమ్మా. టీ కోసమేమో అనుకున్నా. అప్పటికే పొయ్యి ఆర్పేశాను."

"టీ కోసం ఎవరైనా బల్ల విరిగేలా కొడతారా?"

ఆయన గ్లాసులు కడుక్కోవడంలో పడిపోయాడు. పక్కింటావిడ కేక కూడా విందట. విని లేచిందట కూడాను. తలుపు తియ్యడానికి కాదు, గడియ వెయ్యడానికి. ఆ గడియ చప్పుడు విని పక్కిల్లు, ఆ ఇంటి గడియ విని ఆ పక్కిల్లు, అలా వీధి చివరిదాకా గడియలు పడ్డాయి. ఒక మనిషి ప్రాణం పోతుంటే ఆ వీధి చేసిన ఘనకార్యం అది.

పొద్దు వాలాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుండీ చూసి నవ్వాడు. "టైలరు చేతిలో గుండీ కాకపోతే బంగారం ముద్ద ఉంటుందా అమ్మా? నువ్వే ఉంచుకో" అని తిరిగి ఇచ్చేశాడు.

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఊరంతా గుమిగూడి ఉండగానే అరిచింది. "ఇది గొంతు పట్టుకున్నవాడి ఛాతీ మీది గుండీ! అక్క చేతికి అందింది అదే! ఎవడి చొక్కాకి లేదో ఇప్పుడే చూడండి!" ఆమె మొగుడు పక్కనే నిలబడి, భుజం మీది తువ్వాలు ఛాతీ మీదకి లాక్కుని కళ్ళొత్తుకుంటున్నాడు. మోటార్లు బాగుచేసే మనిషి, నవ్వు మొహం, వదినంటే ప్రాణం.

"చీకటి పడుతోంది. రేపు పొద్దున మగవాళ్ళందరూ మీ మీ చొక్కాలతో రండి" అని ఇన్‌స్పెక్టరు జీపెక్కాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఒకడు భుజాలు తడుముకున్నాడట. ఈ ఊరు అంత అమాయకపు ఊరు కాదు. మర్నాడు పొద్దున మగవాళ్ళంతా వరసగా వచ్చి నిలబడ్డారు. ఏ ఒక్కడి చొక్కాకీ ఛాతీ మీద గుండీ లేదు. ముసలాళ్ళకి లేదు, కుర్రాళ్ళకి లేదు. ఊరిపెద్ద ఇస్త్రీ చొక్కాకీ లేదు. బ్లేడుతో కోసిన దారప్పోగులు మాత్రం అందరికీ ఉన్నాయి.

"ఏంటిది పెద్దయ్యా?" చెల్లెలు నిలదీసింది.

"చూడమ్మా, ఊరన్నాక పదిమందీ ఉంటారు. ఒక్కడి మెడకి తాడు పడితే ఊరంతటికీ మచ్చ. పోయినావిడ ఎలాగూ తిరిగి రాదు" అన్నాడు ఊరిపెద్ద, పిల్లకి లెక్క చెప్పినంత నెమ్మదిగా.

ఇంతమందిలో ఎవణ్ణని పట్టుకోను అని ఇన్‌స్పెక్టరు మళ్ళీ జీపెక్కాడు. వరస చివర ఆమె మొగుడు నిలబడి ఉన్నాడు. అతని చొక్కాకీ గుండీ లేదు.

ఇంటికి వచ్చాక ఆమె అన్నం గిన్నె విసిరికొట్టింది. "నువ్వు కూడానా? మా అక్క చేతి ముద్ద తిన్నావు కదయ్యా!"

"నేనొక్కణ్ణే గుండీలు పెట్టుకుని నిలబడితే ఊళ్ళో బతకనిస్తారా? పెద్దాయన మాట. నా మీద కోపం ఎందుకే?" అన్నాడు అతను, చెదిరిన మెతుకులు ఏరుతూ.

ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. గుండీని కొంగు చివర ముడేసుకుంది. నిద్రలోనూ ఆ ముడి గుప్పిట్లోనే ఉండేది. కోపం పట్టుకుని పడుకునేది, కోపంతోనే లేచేది. దానికితోడు ఒక మాట తొలిచేసేది. పోయేముందు అక్క రెండు మూడుసార్లు అంది, "పనయ్యాక ఒకసారి రావే. ఒక్కదానివే రా, మాట్లాడాలి" అని. ఆ మాటేమిటో ఇక తెలిసే దారి లేదు.

ఊరికి మాత్రం ఏమీ పట్టలేదు. పాలకేంద్రం దగ్గర ఒకావిడ సిగ్గు లేకుండా అడిగింది, "మా జాకెట్టు ముక్క మీ అక్క దగ్గర ఉండిపోయింది, తాళం తీసిస్తావా?" అని. చెల్లెలు ఆవిడ పాలు పోయించుకోకుండా వెనక్కి పంపింది. ఆ సాయంత్రమే కొట్టు తాళం తీసి, ఎవడి బట్టలు వాడి మొహాన పారేద్దామని మూటలు కట్టడం మొదలుపెట్టింది.

బయట వాన పట్టింది. గదిలో మిషను నూనె వాసన, పాత బట్టల వాసన. ఆమె వంగి ముడి వేస్తోంది. వెనక ఏదో గలగలమంది. రేకు డబ్బా. ఎలుకేమో అనుకుంది... మళ్ళీ గలగల. చేత్తో వెతుకుతున్నట్టు, కావాల్సింది ఏరుకుంటున్నట్టు. ఆమె వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయింది. మిషను తొక్కుడు పలక కిర్రుమంది. ఒకసారి... ఇంకోసారి... అక్క తొక్కే వేగమే. మధ్యలో ఆగి, దారం సరిచేసుకుని, మళ్ళీ తొక్కే తీరు కూడా అక్కదే.

"అక్కా..." అంది.

చప్పుడు ఆగిపోయింది. చూస్తే ఎవరూ లేరు. దారపు ఉండ మాత్రం ఇంకా తిరుగుతోంది.

మర్నాడు పొద్దున్నే టీకొట్టాయన పాలకేంద్రానికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఛాతీ మీద గుండీ ఉంది. ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంది.

"నేనేం చెయ్యలేదమ్మాయ్. పొయ్యి రాజేసుకుని కూచున్నా. ఎవరో నా మీదకి వంగినట్టయింది. మిషను నూనె వాసన... కదలబోతే సూది గుచ్చుకుంది. ఆ తరవాత ఇక్కడ..." ఛాతీ చూపించాడు. "ఇక్కడ పళ్ళు తగిలాయి."

ఆమె దారం కొస ముట్టుకుని చూసింది. తడిగా ఉంది.

ఆ తరవాత రోజూ ఎవరో ఒకరికి. ఊరిపెద్దకి అద్దం ముందు నిలబడి దువ్వుకుంటుండగా కుట్టింది. పిండిమర ఆయనకి మర ఆడుతుండగానే కుట్టింది. మొదట అందరూ హడలిపోయారు, చొక్కాలు విప్పేసి తిరిగారు. కానీ మెల్లగా ఎవడి బుర్రలోనో వెలిగింది. ఎవడి గుండీ వాడికి తిరిగొస్తే వాడు నిర్దోషి! ఇంకేముంది, ఊరంతా ఒకటే మాట అన్నవాళ్ళు ఛాతీ విరుచుకుని తిరగడం మొదలుపెట్టారు. గుండీ వచ్చినవాడు రానివాణ్ణి గుడ్లురిమి చూడటం. వాళ్ళ మధ్య నడుస్తుంటే చెల్లెలికి పళ్ళు పటపటా కొరకాలనిపించేది. చచ్చిపోయి కూడా అక్క వీళ్ళ చొక్కాలే బాగుచేస్తోంది, అదీ ఊరికే.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకణ్ణి ఊళ్ళో చిల్లుజేబు అని పిలిచేవాళ్ళు. పనీపాటా లేకుండా టీకొట్టు బల్ల అరగదీసేవాడు. ఊరు వాణ్ణి తేల్చేసింది, వాడే అని. రెండోవాడు ఆమె మొగుడు.

ఒక మధ్యాహ్నం నలుగురు పట్టుకుని చిల్లుజేబుని టీకొట్టు ముందు స్తంభానికి కట్టేశారు. పాలకేంద్రం నుంచి వస్తూ ఆమె అక్కడే ఆగిపోయింది. వాడు ఏడుస్తున్నాడు. "నేను కాదు బాబోయ్, నాకు ఆవిడ టీ ఇప్పించేది..." ఉన్నట్టుండి ఏడుపు ఆగింది. వాడి చొక్కా ఛాతీ దగ్గర ముడుచుకుంది. అందరూ చూస్తుండగా... పట్టపగలు... గుడ్డలోంచి ఆకుపచ్చ దారం పైకొచ్చింది, కిందికి పోయింది, మళ్ళీ పైకొచ్చింది. వాడు పైకి మొహం ఎత్తేశాడు, టైలరక్క బతికుండగా కుట్టేటప్పటిలాగే. పుటుక్కుమని దారం తెగింది. ఛాతీ మీద చిన్న తడి మచ్చ.

కట్టేసినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా తాళ్ళు విప్పారు. ఆ తరవాత ఒక్కొక్కరే తలతిప్పి ఆమె వైపు చూశారు.

"ఏం చూస్తున్నారు?" అని అరిచింది. "మా ఆయన చీమకి కూడా హాని చెయ్యడు! అప్పుడు గడియలు వేసుకున్న మీరా ఇప్పుడు నా ఇంటి వైపు చూసేది!" అరిచి గబగబా ఇంటి దారి పట్టింది.

ఆ సాయంత్రం ఆమె పొయ్యి ముందు కూర్చుంది. మళ్ళీ వాన. వీధిలో దీపాలు అప్పుడే వెలిగాయి. గుమ్మంలో అడుగుల చప్పుడు, వెంటనే నవ్వు. మొగుడు తడిసి ముద్దయి వచ్చి నిలబడ్డాడు.

"కుట్టేసిందే! వదిన నాదీ కుట్టేసింది! సందు మలుపు తిరుగుతుంటే... ఇదిగో, చూడు! ఇంక ఎవడు నోరెత్తుతాడో నేనూ చూస్తా."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళ తరవాత అతని దగ్గరికి వెళ్ళింది, గుండీ మీద వేలు పెట్టింది. గరుగ్గా తగిలింది. అంచు ఒకపక్క పెచ్చు లేచి ఉంది.

చెయ్యి దానంతటదే కొంగు దగ్గరికి పోయింది. ముడి బిగించింది బిగించినట్టే ఉంది. పళ్ళతో లాగి విప్పింది. లోపల ఏమీ లేదు.

"ఏమైందే? అలా చూస్తావేం?" అన్నాడు.

అప్పుడు చూసింది. అందరి దారాలూ పొట్టిగా కొరికి ఉన్నాయి. ఇతని దారం ఇంకా తెగలేదు. జానెడు పొడుగుంది. కిందికి వేలాడటం లేదు. గాలిలో ముందుకి, బిగుతుగా నిలబడి ఉంది. గది నిండా మిషను నూనె వాసన.

"దారం మిగిలినట్టుంది. కొరికెయ్యవే" అన్నాడు, నవ్వుతూనే.

"నేను కొరకను."

"పోనీ కత్తెర ఇలా తే."

"అక్క నన్ను ఒక్కదాన్నే రమ్మంది. నీ గురించి ఏం చెబుదామనుకుంది?"

నవ్వు పోయింది. మొహంలో నెత్తురు కూడా పోయింది. అతని చెయ్యి గబుక్కున తువ్వాలు కోసం భుజం తడుముకుంది. ఊరంతా చూస్తుండగా తువ్వాలు ఛాతీ మీదకి లాక్కున్నది ఈ చెయ్యే. అక్క పోయిన రోజు కొట్టు దగ్గర తన భుజం నిమిరి ఓదార్చిందీ ఈ చెయ్యే. కడుపులోంచి మంట లేచింది ఆమెకి. ఊరి మీద ఇన్నాళ్ళు ఎగదోసిన కోపం నిప్పురవ్వపాటి కూడా కాదని అప్పుడు తెలిసింది.

దారం కొద్దిగా పొట్టిదయింది. ఇంకొద్దిగా...

"ఎవరో..." అతను గుసగుసగా అన్నాడు. "నా మీద ఎవరో ఊపిరి వదులుతున్నారు... ఏమే... వదిలెయ్యమని చెప్పవే..."

ఆమె బయటికి నడిచింది. తలుపు లాగి బయట గడియ పెట్టింది. మెట్టు మీద వానలో కూర్చుంది.

లోపల టకటకమని చప్పుడు మొదలైంది. కత్తెర పిడితో చెక్క మీద కొట్టినట్టు. ఆ ఇంట్లో అంత బరువు కత్తెర లేదు. తరవాత కేక. పక్కింటి గడియ పడింది. ఆ పక్కింటిది పడింది. ఎదురింటిది, ఆ తరవాతిది, అలా వీధి చివరిదాకా. టీకొట్టాయన పొయ్యి మీద నీళ్ళు పోసిన చప్పుడు కూడా వినపడింది.

"వేసుకోండి" అంది ఆమె పళ్ళ బిగువున. "ఇవాళ కూడా వేసుకోండి."

టకటకలు ఆగాయి. చాలాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు, తలుపుకి అవతల, పుటుక్కుమని దారం తెగింది.

ఆమె కొంగు బరువుగా తగిలింది. చూసుకుంటే ఇందాక విప్పేసిన ముడి మళ్ళీ వేసి ఉంది. లోపల గుండ్రంగా, చిన్నగా ఏదో ఉంది. ముడి వేలికి గోరువెచ్చగా తగిలింది. వానలో అంతసేపు కూర్చున్నా అది వెచ్చగానే ఉంది.