రైలుపెట్టెలో పెట్టిన పేరు

అక్టోబరు చివర లాత్వియా పల్లెల్లో సాయంత్రమంటూ పెద్దగా ఉండదు. భోజనాలై గిన్నెలు కడుక్కునేలోపే వెలుతురు పోతుంది. అల్వీనె వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, చెల్లెలు జెల్మా బఠాణీలు ఉడికించడం చూస్తోంది. చూడ్డమంటే తప్పులెన్నడమే.

"ఉప్పెక్కువేశావు."

"చచ్చినవాళ్ళకి ఉప్పూ చప్పిడీ తెలుస్తాయా అక్కా?"

"మా అమ్మకి తెలుస్తుంది. సైబీరియాలో ఏళ్ళ తరబడి ఉప్పు లేని గంజి తాగింది ఆవిడ. నువ్వు కాదు."

"మీ అమ్మేమిటి? మనమ్మ" అంది జెల్మా. ఈ మాట ఆమె ఏటా అంటూనే ఉంటుంది. అల్వీనె ఏటా విననట్టే ఊరుకుంటుంది.

పంతొమ్మిది వందల నలభై ఒకటి జూన్‌లో లారీ వచ్చిన రాత్రి జెల్మాకి కోరింతదగ్గు. పక్క ఊళ్ళో మేనత్త ఇంట్లో ఉంది గనక మిగిలిపోయింది. అమ్మానాన్నల్ని, ఎనిమిదేళ్ళ అల్వీనెని, నెల కూడా నిండని పసివాణ్ణి రష్యా సైనికులు స్టేషనుకి తోలుకెళ్ళారు. నాన్నని అక్కడే విడదీశారు. మిగతావాళ్ళని సైబీరియా వెళ్ళే పశువుల రైలుపెట్టెలోకి ఎక్కించి తలుపు బిగించారు. ఆ లారీకి దారి చూపించిన పెద్దమనిషి ఈ ఊరివాడే. అతని కొడుకు ఏవాల్డ్స్‌నే జెల్మా తర్వాత చేసుకుంది. అల్వీనె ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన రోజున ఏవాల్డ్స్ ఆమె తండ్రి కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. అప్పట్నుంచి ఆమె ఆ మనిషితో నేరుగా మాట్లాడలేదు. ఆ ఇంట్లో పిల్లితో మాట్లాడుతుంది. కోళ్ళతో కూడా మాట్లాడుతుంది.

"వదినగారూ, దుప్పటి కప్పుకెళ్ళండి. స్నానాల గుడిసెలో చలిగా ఉంటుంది" అన్నాడు ఏవాల్డ్స్.

"చలంటే ఏమిటో ఈయన నాకు చెప్తాట్టే!" అంది అల్వీనె చెల్లెలితో.

పోయినవాళ్ళు ఇళ్ళకొచ్చే రోజులవి. తోట చివర స్నానాల గుడిసెలో బల్ల మీద వాళ్ళకి భోజనం పెడతారు. తలుపు తెరిచి, పెద్దవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. దీపం ఆర్పి, వాళ్ళు తినేదాకా ఒకరు మూల కూర్చుంటారు. తర్వాత మళ్ళీ పేరు పేరునా చెప్పి పంపేసి, గది ఊడుస్తారు. పేరు పిలవందే ఎవరూ గడప దాటరు. పేరు చెప్పందే ఎవరూ కదలరు.

"ఈసారైనా తమ్ముడి పేరు చెప్పక్కా" అంది జెల్మా, బుట్ట అందిస్తూ. "నువ్వూ నేనూ పోతే వాణ్ణెవరు పిలుస్తారు?"

"అది పశువుల పెట్టెలో పెట్టిన పేరు. ఈకల పరుపు మీద దొర్లినవాళ్ళకి చెప్పేది కాదు."

బాప్తిస్మమైనా కాకుండానే రైలెక్కాడు వాడు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే, పేరు లేకుండా పోకూడదని అమ్మే పెట్టెలో ఓ పేరు పెట్టింది. ఏదో స్టేషనులో సైనికుడొచ్చి, చల్లబడ్డ మూటని బకెట్టులో వేసుకుని పట్టుకుపోయాడు. సమాధి లేదు. ఫొటో లేదు. ఉన్నదల్లా ఆ పేరే. అది అల్వీనె నోట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

ఈ వేసవి నుంచీ అక్కడా లేదు.

మొదట కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. తర్వాత వీధి పేరు. ఒక ఉదయం లేచేసరికి వాడి పేరుండాల్సిన చోట ఖాళీగా ఉంది, పన్ను ఊడిన చిగురులా. పిలిచే వేళకి అదే వస్తుందిలే అనుకుంది. జెల్మా ముందు ఒప్పుకోవడమా? చచ్చినా ఒప్పుకోదు.

గుడిసెలో బూడిద వాసన, ఎండిన బర్చ్ ఆకుల వాసన. వాడు పుట్టింది కూడా ఇక్కడే, ఈ బల్ల మీదే. అల్వీనె నల్ల రొట్టె, పంది తొడ, బఠాణీలు సర్ది, చివర చిన్న గిన్నెలో పాలు పోసింది. తలుపు తెరిచింది. తాతని పిలిచింది. అవ్వని పిలిచింది. నాన్నని, అమ్మని పిలిచింది. పిలిచినప్పుడల్లా, ఆవిరి కోసం పొయ్యి మీద పేర్చిన రాళ్ళు చిట్‌మన్నాయి. ఏటా జరిగేదే.

తర్వాత... నాలుక ఆగిపోయింది.

బయట తోటలో చీకటి. ఎదురుచూస్తున్న చీకటి.

ఏదో ఒకటి, అనుకుంది విసుగ్గా. నెల పిల్లాడికి ఏం తెలుస్తుంది గనక?

"తియొడోర్స్, రా నాయనా."

రాళ్ళు చిట్‌మనలేదు. గడప మాత్రం కిర్రుమంది. ఆమె తలుపు మూసి, దీపం ఆర్పి, మూల కూర్చుంది.

బెంచీ మూలిగింది. బరువైన మనిషి కూర్చున్నట్టు.

తడి ఇనుము వాసన. నమలడం మొదలైంది. నెమ్మదిగా... తీరిగ్గా... ఆ తర్వాత ఎముక పటుక్కుమని విరిగింది.

నెల పిల్లాడికి పళ్ళుండవు.

అప్పుడే బయట తలుపు దగ్గర ఏడుపు. సన్నగా, గొంతు ఎండిపోయిన ఏడుపు. అల్వీనె అరవై ఏళ్ళుగా నిద్రలో వింటున్న ఏడుపే అది.

"ఎవడ్రా నువ్వు?" అంది చీకట్లోకి.

"పిలిచావుగా."

"నేను పిలిచింది మా తమ్ముణ్ణి."

"ఏదో ఒకటి అనుకున్నావుగా. ఆ ఏదో ఒకటి నేనే."

భయపడాల్సింది. అంతకంటే ముందు ఆమెకి రోత పుట్టింది.

"మంది ఇళ్ళలో దూరి, మంది చెంచాలతో తినేవాళ్ళని నా జన్మలో బోలెడుమందిని చూశాను. వాళ్ళ చేతుల్లో తుపాకులుండేవి. నీదేముంది, కూటికి లేని వెధవ్వి. తిన్నావు కదా, పో. రై పైరు తొక్కకుండా దారెంట పో!"

నవ్వు. మెల్లగా, నోట్లో మాంసం పెట్టుకుని నవ్విన నవ్వు.

"పేరు చెప్పి పంపాలి. నా పేరు నీకు తెలీదు... వాడి పేరు నాకు తెలుసు."

బయట ఏడుపు ఆగి ఆగి వస్తోంది. పెట్టెలో చివరి రోజున కూడా ఇలాగే ఆగి ఆగి వచ్చింది.

"చెప్పు."

"ఊరికే ఎలా? నాకో పేరివ్వు. బతికున్నవాళ్ళది. ఎవరిదైనా సరే."

తనది ఇస్తే రేపట్నుంచి వాణ్ణి పిలిచే దిక్కుండదు. ఏవాల్డ్స్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఛీ! లారీకి దారి చూపినవాడి కొడుకు పేరు, అమ్మ కూర్చున్న చోట తన నోటితో పలకడమా? ఉమ్మి మింగినట్టు మింగేసింది.

ఏడుపు ఒక్క గుక్క వచ్చి... ఆగింది.

"జెల్మా" అంది అల్వీనె. వెచ్చగా పడుకుంది కదా ఇన్నేళ్ళు, చాలు. "జెల్మా. తీసుకుని చావు."

చెవి పక్కనే చల్లటి ఊపిరి.

"ఉల్దిస్."

ఉల్దిస్! చక్రాల చప్పుడు మీదుగా అమ్మ గొంతు. అదే, అదే పేరు. అల్వీనె పడుతూ లేస్తూ తలుపు తీసింది. "ఉల్దిస్! రా నాన్నా, రా!" పొయ్యి రాయి ఒకటి చిట్‌మంది. బల్ల చివర పాలగిన్నెలో చిన్న పెదాల చప్పుడు వినిపించింది. ఆమె చీకట్లోనే ఏడ్చింది, చీకట్లోనే నవ్వింది. తర్వాత పేరు పేరునా తనవాళ్ళందరినీ పంపింది. బెంచీ మీదున్నదాని వైపు చూడకుండా గది ఊడ్చి, బయట గడియ పెట్టింది.

తోటలో నడుస్తూ ఉల్దిస్, ఉల్దిస్ అనుకుంటూనే ఉంది. ఈ పేరు ఇక తనొక్కతి దగ్గర ఉండకూడదు. చెల్లెలికి చెప్పాలి. ఇప్పుడే, ఈ క్షణమే చెప్పాలి.

వంటింట్లో వెచ్చగా ఉంది. చెల్లెలు అటు తిరిగి ఆపిల్‌పళ్ళు తరుగుతోంది. ఏమీ కాలేదు. పిచ్చి ముసలిదానా, అని తన్ను తానే తిట్టుకుని, పిలవబోయింది.

నోరు తెరుచుకుంది. పేరు రాలేదు.

ముసలితనం, అంతే. సాయం కోసం కుర్చీ వైపు చూసింది, ఇన్నేళ్ళలో మొదటిసారి. ఏవాల్డ్స్ కూడా నోరు తెరుచుకునే ఉన్నాడు. ఎవర్నో పిలవబోతూ ఆగిపోయినవాడిలా. అతని కళ్ళ నిండా నీళ్ళు.

"వదినగారూ" అని గొణిగాడు. "ఆవిణ్ణి... నేనేమని పిలుస్తాను?"

చాకు చప్పుడు ఆగింది. చెల్లెలు ఇటు తిరగలేదు.

"స్నానాల గుడిసెలోంచి ఎవరో కేకలేస్తున్నారు" అంది. "ఇందాకట్నుంచీ వింటున్నా. అచ్చం నా గొంతే... తలుపు తియ్యమంటోంది."